మామా అన్న గొంతు

గేటు కాపలా కుర్మయ్య టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడటం పూర్ణిమ ఎన్నడూ చూడలేదు. ఎండైనా వానైనా ఆ టోపీ ఆయన నెత్తి మీదే ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా తీయడని గోదాములో పనిచేసే కుర్రాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అలాంటి మనిషి మేనేజర్ దశరథం గదిలో, అంత ఏసీలోనూ చెమటలు కక్కుతూ, టోపీ అంచును వేళ్ళతో గుండ్రంగా తిప్పుతూ నిలబడ్డాడు. గాజు గోడకు అవతల గుమాస్తాలంతా పని చేస్తున్నట్టు నటిస్తూ ఇటే చూస్తున్నారు.

శంషాబాద్‌లో విమానాల నుంచి దిగిన సరుకు లారీలెక్కే రోడ్డు మీద ఉంది ఆ గోదాము. వచ్చిన పెట్టెలను దాచడం, కాగితాలు చూడటం, గేట్ పాస్ ఇచ్చి పంపడం అక్కడి పని. బుధవారం సాయంత్రం ఖరీదైన కెమెరాల పెట్టెలు కొన్ని సరైన గేట్ పాస్‌తో తప్పుడు లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. గురువారం పొద్దున అసలు లారీ వచ్చి, మా సరుకేదని అడిగితే గానీ ఎవరికీ తెలియలేదు. పాస్ జీవన్ అనే గుమాస్తా పేరు మీద తయారైంది. ఆ జీవన్ వారమంతా సెలవులో ఉన్నాడు. చెల్లెలి పెళ్ళికి పందిరి వేయిస్తున్నాడు.

“ఎవరు అడిగారు నంబరు?” దశరథం గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకపోతేనే ఎక్కువ భయం.

“ఫోన్ల అడిగిన్రు సార్. జీవన్‌ది నంబర్ చెప్పు మామా అన్నడు. చెప్పిన.”

“ఎవడు వాడు?”

“తెల్వదు సార్. మామా అన్నడు గదా, మనోడే అనుకున్న.”

దశరథం కుర్చీలో వెనక్కి వాలి పూర్ణిమ వంక చూశాడు. చూశావా, వీడి తెలివి, అన్నట్టుంది ఆ చూపు. పూర్ణిమ చూపు దించుకుంది. కుర్మయ్య చెప్పిన ప్రతి మాటా నిజమేనని ఆ గదిలో ఆమెకు తెలుసు, దశరథానికి తెలుసు.

ఆ గోదాములో గుమాస్తాల బల్లల మీద కంప్యూటర్లు ఉండవు. తెర, కీబోర్డు, టిఫిన్ డబ్బా అంత పెట్టె, అంతే. అసలు కంప్యూటర్ ఎక్కడో దూరాన, క్లౌడ్‌లో ఉంటుంది. కుర్మయ్య దాన్ని మొగులు కంప్యూటర్, అంటే మబ్బు కంప్యూటర్, అనేవాడు. ఆ మొగులు బాధ్యతంతా పూర్ణిమది. ఒక మంచి నమూనా తయారు చేసి పెట్టుకుంటే, గుమాస్తాలందరి కంప్యూటర్లూ అందులోంచే పుడతాయి. షిఫ్టు అయ్యాక చెరిగిపోతాయి, మళ్ళీ పొద్దున కొత్తగా పుడతాయి. పూర్ణిమ నాన్న మల్లేశ్వర్ కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్లు పోసే కార్ఖానాలో పని చేస్తాడు. ఆయనకు ఈ సంగతి చెబితే వెంటనే అర్థమైంది, అచ్చు ఒక్కటి బాగుంటే బకెట్లన్నీ బాగుంటాయి అన్నాడు. కొత్త మార్పు ఏదైనా ముందు ఒకరిద్దరి కంప్యూటర్ల మీద పెట్టి చూసి, ఆ తర్వాతే అందరికీ ఇచ్చేది పూర్ణిమ. మానేసినవాళ్ళ పేర్లు ఆ రోజే తీసేసేది. పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు, ఒక్క దాంట్లో తప్ప.

మొగులు కంప్యూటర్‌కు ఒక ఇబ్బంది ఉంది. అది ఎక్కడి నుంచైనా తెరుచుకుంటుంది. అందుకే పాస్‌వర్డ్ కొట్టాక ఎవరి ఫోనుకు వాళ్ళకు ఒక నంబరు వస్తుంది, అది కూడా కొడితేనే లోపలికి దారి. పాస్‌వర్డుదేముంది, పక్కవాడు భుజం మీంచి చూస్తే చాలు. అసలు తాళం ఆ నంబరే. మరి గోదాములోకి ఫోన్లు తేకూడదు. దొంగతనాల భయానికి గేటు దగ్గర అరల్లో పెట్టి రావాలి. ఇంకేముంది, పొద్దున షిఫ్టు మొదలయ్యేసరికి గుమాస్తాలంతా తెర ముందు నుంచి గేటుకు, గేటు నుంచి తెరకు పరుగులు. వాళ్ళు వచ్చి కూర్చునేలోగా నంబరుకు గడువు తీరిపోయేది. బయట లారీలు హారన్లు కొట్టేవి.

కిందటి వానాకాలంలో దశరథం ఒక ఉపాయం చెప్పాడు. అందరి నంబర్లూ ఒక్క ఫోనుకే వచ్చేలా పెట్టు, ఆ ఫోను కుర్మయ్య దగ్గర ఉంచు, అడిగితే చదివి చెప్తాడు, రెండు రోజులు ఇట్ల నడవనీ అన్నాడు. తప్పని పూర్ణిమకు తెలుసు. ఒకసారి కాదు సార్ అంది కూడా. రెండోసారి అనలేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని పేరు పేరునా మార్చింది. ఫోను తనే తీసుకెళ్ళి కుర్మయ్య చేతిలో పెట్టి, మెసేజ్ ఎలా తెరవాలో చూపించింది. ఆఫీసుల్లో రెండు రోజుల ఏర్పాటుకు ఉన్నంత ఆయుష్షు దేనికీ ఉండదు. వానలు పోయాయి, చలి పోయింది, ఎండలు వచ్చాయి. ఆ ఫోను కుర్మయ్య దగ్గరే ఉండిపోయింది. మామా, నా నంబర్ జర చెప్పవా అని లోపలి నుంచి గేటు ఫోనుకు చేయడం, ఆయన అంకెలు గట్టిగా, బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చదవడం అందరికీ అలవాటైపోయింది. ఒకరు సెలవు పెడితే వాళ్ళ పేరు మీద ఇంకొకరు పని చేయడమూ అలవాటైంది. కాబట్టి జీవన్ నంబరు జీవన్ కానివాడు అడిగితే కుర్మయ్యకు వింత అనిపించలేదు.

కుర్మయ్యను బయటికి పంపి దశరథం పూర్ణిమను కూర్చోమన్నాడు.

శనివారం హెడ్డాఫీసు నుంచి శ్రీలత మేడమ్ విచారణకు వస్తున్నారని, ఆలోగా ఒక రిపోర్టు రాసి ఉంచాలని ఆయన మెల్లగా చెప్పాడు. ఎవరి నంబరు వాళ్ళ ఫోనుకే రావాలన్నది మొదటి నుంచీ ఇక్కడి నియమమట. కుర్మయ్యే గుమాస్తాలకు మాయమాటలు చెప్పి అందరివీ తన దగ్గరకు రప్పించుకున్నాడట. ఆఫీసుకు తెలియదట. ఆ మాటలన్నీ ఆయన ముందే పేర్చుకుని ఉంచుకున్నాడు.

“సార్, మార్చింది నేను. మార్పుల పట్టీల నా పేరే ఉంటది.”

“గుమాస్తాలు అడిగితే మార్చానని రాయి. చిన్న పొరపాటు అవుతుంది. లేదంటే పెద్దది అవుతుంది.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నీ కాంట్రాక్టు పొడిగింపు కూడా నా బల్ల మీదికే వస్తుంది కదమ్మా. నీ మంచికే చెప్తున్నా.”

తన సీటుకు వచ్చి పూర్ణిమ మార్పుల పట్టీ తెరిచింది. ఏ మార్పు ఎవరు చేశారో అందులో ఉంటుంది. రోజూ చెరిగిపోయే కంప్యూటర్లలో చెరగనిది అదొక్కటే. దాన్ని తుడిచే అధికారం ఆమెకు కూడా లేదు. జీవన్, సుమలత, శ్రావణ్‌కుమార్, మిగతా అందరూ. ప్రతి పేరు పక్కన ‘మార్చినవారు: పూర్ణిమ’ అని ఉంది. కిందికి జరిపేకొద్దీ అదే పేరు. దశరథం పేరు ఎక్కడా లేదు. నోటిమాటను ఏ యంత్రమూ రాసుకోదు. ఆమె తెర ఆపేసింది.

శుక్రవారం నుంచి కుర్మయ్యను రావద్దన్నారు. ఫోను మాత్రం ఆగడానికి వీల్లేదు. ఎవరి నంబరు వాళ్ళకు తిరిగి మార్చాలంటే ఒక్కొక్కరూ తమ ఫోను పట్టుకుని పూర్ణిమ పక్కన కూర్చోవాలి. ఫోన్లు లోపలికి రాకూడదు, గుమాస్తాలు బయటికి వెళితే లారీలు ఆగుతాయి. ఇక ఎవరినీ నమ్మలేనని దశరథం ఆ ఫోను తన బల్ల మీదే పెట్టుకున్నాడు. గేటు ఫోనుకు వచ్చే కాల్స్ కూడా తన గదికే మళ్ళించుకున్నాడు. పొద్దున అడిగిన ప్రతివాడినీ పేరేమిటి, ఏ సీటు, ఎందుకు అని పోలీసు ప్రశ్నలు వేశాడు. పదిమంది అయ్యేసరికి పేరు మాత్రం అడిగాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచాక అదీ మానేశాడు. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, నోట్లో ముద్ద నములుతూ అంకెలు చదవడం గాజు గోడలోంచి పూర్ణిమ చూసింది. చూసింది గానీ ఆమెకు నవ్వు రాలేదు. ఆ రోజు ఆమెకు ఏదీ మనసుకెక్కలేదు. ఎవరి బల్ల మీద ఫోను మోగినా ఉలిక్కిపడింది. రిపోర్టు రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చివరికి దశరథం చెప్పిన మాటలే అందులో మిగిలాయి.

సాయంత్రం స్కూటీ ఇంటివైపు తిప్పాల్సింది, కుర్మయ్య ఊరివైపు తిప్పింది. ఎందుకు వెళుతోందో ఆమెకే తెలియదు. ధైర్యం చెప్పడానికా, తెచ్చుకోవడానికా, క్షమించమని అడగడానికా? పొలాల మధ్య కొత్త ప్లాట్ల రాళ్ళు, వాటి మీద ఎండబెట్టిన పిడకలు, పైన చక్రాలు దించుకుంటూ విమానం. కుర్మయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద టోపీ లేదు. ఆయన భార్య సత్తెమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, గడపలో నిలబడింది.

రేపు రమ్మన్నారని, ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారని కుర్మయ్య చెప్పాడు. పెడితే పోలీసు కేసు చిన్నదవుతుందట. పెట్టకపోతే దొంగలతో కలిశాడని రాస్తారట.

“ఏం రాసుందో చదివిన్రా మామా?”

“సారే సదివిండు. ఫోన్ నేనే అడిగి తీస్కున్ననట.” ఆయన అరచేతిని మోకాలి మీద రాసుకున్నాడు. “బిడ్డా, ఒక మాట అడుగుత. ఆ ఫోన్ నేనే అడిగిననా? నువ్వు తెచ్చిచ్చినట్టే యాదికుంది నాకు. గేటు కాడ, వాన పడుతుంటే. సార్ గట్ల గట్టిగ జెప్తుంటే ఇగ నాకే అనుమానం వడ్తున్నది.”

ఆయన దెప్పిపొడుస్తున్నాడేమోనని పూర్ణిమ ఆయన ముఖంలోకి చూసింది. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. తన జ్ఞాపకం తనకే పరాయిదైపోయిన మనిషి, సాక్ష్యం కోసం ఆమె వంక చూస్తున్నాడు. అవును మామా, నేనే ఇచ్చిన అంటే చాలు. ఆ నాలుగు మాటలు గొంతు దాకా వచ్చి, కాంట్రాక్టు గుర్తొచ్చి, మార్పుల పట్టీ గుర్తొచ్చి, పోలీసులు గుర్తొచ్చి అక్కడే ఇరుక్కున్నాయి. రేపు మాట్లాడదాం మామా అంది. చెంబు అరుగు మీద పెట్టి లేచింది. సత్తెమ్మ ఆ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంట్లో తల్లి అమృతమ్మ కంచం ముందు పెట్టి, ఏందే, పక్కింటి కుక్కర్ కూతకే గట్ల ఉలికిపడ్తున్నవ్ అని అడిగింది. ఏం లేదమ్మా అంది పూర్ణిమ. అన్నం కలిపి కలిపి అలాగే వదిలేసింది.

శనివారం పొద్దున శ్రీలత మేడమ్ వచ్చింది. పులిలా ఉంటుందనుకుంటే, సన్నగా, నెమ్మదిగా, దగ్గు బిళ్ళ చప్పరిస్తూ వచ్చింది. దశరథం బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి కుర్మయ్య ఒప్పుకోలు, ఒకటి పూర్ణిమ రిపోర్టు. రెండింటి మీదా సంతకాల జాగా ఖాళీగా ఉంది. కుర్మయ్య బయట బెంచీ చివర, కూర్చున్నాడో లేచాడో తెలియనట్టు ఉన్నాడు. దశరథం జరిగినదంతా చక్కగా, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. మామా అన్న ముక్క దగ్గర కొంచెం నవ్వాడు కూడా.

“ఎవడో మామా అన్నాడట మేడమ్. వీడు తాళం తీసి ఇచ్చేశాడు. పేరైనా అడగలేదు.”

శ్రీలత రాసుకుంటూ తల ఊపింది. పూర్ణిమ వైపు తిరిగి, ఈ రిపోర్టు మీరు రాసిందేనా, అయితే సంతకం పెట్టండి అంది. పూర్ణిమ పెన్ను తీసుకుంది. మూత తీసింది. ఇప్పుడు పెట్టేస్తే అయిపోతుంది, ఇంటికి వెళ్ళి పడుకోవచ్చు అనుకుంది. పెన్ను మొన కాగితానికి ఆనింది.

అప్పుడు బల్ల మీద గేటు ఫోను మోగింది.

దశరథం మాట ఆపకుండానే రిసీవర్ ఎత్తాడు. రిసీవర్‌లోంచి ఎవరిదో తొందర గొంతు అందరికీ వినబడేంతగా పలికింది: “సార్, సుమలతది నంబర్.” దశరథం పక్కనున్న నంబర్ల ఫోను తిప్పి చూసి, అంకెలు గబగబా చదివి, పెట్టేసి, మళ్ళీ చెబుతున్న చోటికే వచ్చాడు. అంతా ఒక్క ఊపిరిలో జరిగింది. రోజూ చేసే పనిలో ఉండే సుఖం ఆయన ముఖంలో కనబడింది.

పూర్ణిమకు ఒక్కసారిగా చెవుల్లో హోరు తగ్గినట్టయింది. భయం పోలేదు. ఇంకా పెరిగింది. కానీ ఆ భయంలోంచే ఒక ప్రశ్న దానంతటదే జారిపడింది.

“సార్... ఇప్పుడు అడిగింది ఎవరు?”

“ఎవరో మన వాళ్ళే.”

“పేరు అడిగిన్రా సార్?”

“సార్ అన్నాడు కదమ్మా, మన...”

ఆ మాట సగంలో ఆగిపోయింది. దశరథం నోరు తెరుచుకునే ఉంది. బయట ఎక్కడో లారీ వెనక్కి వస్తున్న కూత వినిపించింది. శ్రీలత రాయడం ఆపి తలెత్తింది.

“సుమలత అంటే ఆడపిల్లే కదా,” అంది నెమ్మదిగా. “నాకు మగ గొంతు వినబడింది.”

తర్వాత తెలిసింది, సుమలత టీకి వెళితే ఆమె పని చూసిపెడుతున్న శ్రావణ్‌కుమార్ గొంతది. పాపం, వాడు దొంగా కాదు, దొర కూడా కాదు. కానీ ఆ క్షణాన ఆ గదిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆ తెలియకపోవడమే దశరథం ముఖంలో రక్తం లేకుండా చేసింది. రెండు రోజులుగా పూర్ణిమ లోపల తిరుగుతున్న భయం ఆయన ముఖంలో అచ్చంగా కనిపించింది. ఆయనను చూసి ఆమెకు జాలి వేసింది. ఆ జాలితోనే పెన్నుకు మూత పెట్టింది.

“మేడమ్, అందరి నంబర్లు ఒక్క ఫోన్‌ల పెట్టింది నేనే. కుర్మయ్య మామ అడగలే. ఫోన్ నేనే తీస్కపోయి ఇచ్చిన, వాన పడుతుంటే.” అక్కడితో ఆపలేదు. “సార్ పెట్టుమంటే పెట్టిన. తప్పని తెల్సే పెట్టిన.”

శ్రీలత అరవలేదు. మెచ్చుకోలేదు. సంతకం లేని రిపోర్టును మడిచి తన సంచిలో పెట్టుకుంది. ఇది రాయమన్నది ఎవరని అడిగితే దశరథం కిటికీ వైపు చూశాడు. శ్రీలత నంబర్లు వచ్చే ఫోనును బల్ల మీంచి తీసుకుని, చాలాసేపు నొక్కి పట్టుకుని ఆపేసింది. కాసేపటికి లోపల కొత్తగా తెరవాల్సిన తెరలన్నీ నంబరు అడిగి నిలబడిపోయాయి. గోదాము ఆగిపోయింది. లారీలు రోడ్డు దాకా బారు తీరాయి. గేటు గదిలో కుర్చీ వేయించి, పూర్ణిమను కూర్చోబెట్టి, గుమాస్తాలను ఒక్కొక్కరినే పిలిచి, ఎవరి నంబరు వాళ్ళ ఫోనుకు మార్పించింది. లారీలు ఆగితే ఆగనీ అంది. దాదాపు ఏడాదిగా వీలుకాని పని సాయంత్రానికి అయిపోయింది. ఇక నుంచి నంబరు కావాల్సినవాడు గేటు పక్క గదిలోనే తెర తెరుచుకుని, ఫోను అక్కడే పెట్టి లోపలికి వెళ్ళాలి. ఒకసారి అక్కడ తెరిస్తే షిఫ్టు అయ్యేదాకా లోపలి తెర మళ్ళీ నంబరు అడగదు. ఇంత చిన్న ఏర్పాటు అప్పుడే ఎందుకు తోచలేదని పూర్ణిమ తనను తాను తిట్టుకుంది.

ఆఖరి పేరు మార్చాక శ్రీలత ఆమెకూ ఒక కాగితం ఇచ్చింది. విచారణ ముగిసేదాకా మొగులు తాళాలు పూర్ణిమ దగ్గర ఉండవు. కాంట్రాక్టు సంగతి ఆ తర్వాత. రోజూ వచ్చి కూర్చోవాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. దశరథాన్ని హెడ్డాఫీసుకు రమ్మన్నారు. బుధవారం మామా అన్న గొంతు ఎవరిదో మాత్రం ఇంకా తేలలేదు. కుర్మయ్య సంతకం పెట్టాల్సిన కాగితం చింపి చెత్తబుట్టలో వేశారు. బెంచీ చివర కూర్చున్నాయనకు ఆ సంగతి చెప్పడానికి పూర్ణిమ వెళ్ళేసరికి ఆయన లేడు. ఎవరో ఇంటికి పొమ్మంటే వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున గేటు దగ్గర బారు కట్టి ఉంది. తిరిగి రమ్మని కబురు చేస్తే కుర్మయ్య వచ్చాడు. టోపీ నెత్తి మీద ఉంది. ఒక్కొక్కరి కార్డు తీసుకుని, ముఖం చూసి, పేరు చెప్పమంటున్నాడు. ఏం మామా, నన్నే మర్చిపోయినవా అని శ్రావణ్‌కుమార్ నవ్వాడు. కుర్మయ్య నవ్వలేదు. పేరు చెప్పేదాకా కార్డు తిరిగి ఇవ్వలేదు. వెనక నుంచి గుసగుసలు, సణుగుడు. ఆదివారమంతా పూర్ణిమ ఆయనకు ఏం చెప్పాలో వెతుక్కుంది. రాత్రి పేర్చుకున్న మాటలు బారు కదులుతున్నకొద్దీ ఒక్కొక్కటే జారిపోయాయి. తన వంతు వచ్చేసరికి నోట్లో మిగిలింది పాత అలవాటే.

“నేనే, మామా.”

కుర్మయ్య ఆమె కార్డు చూశాడు. ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, పాత చనువూ లేదు.

“మామా అంటే ఇగ తెరుస్తలేను బిడ్డా. పేరు చెప్పు.”

వెనక బారులో అందరూ వింటున్నారు. పూర్ణిమ ముఖం వేడెక్కింది.

“పూర్ణిమ,” అంది.

ఆ మాట బయటికి వచ్చాక గానీ ఆమెకు తెలియలేదు, తెర మీద ఆ పేరు చూసిన గురువారం నుంచి అది ఎక్కడ వినబడుతుందోనని తను వణుకుతూనే ఉందని. కుర్మయ్య కార్డు తిరిగిచ్చి, పక్కకు జరిగి గేటు తీశాడు.